తీసేస్తానని చెప్పిన వాక్యం

నేను రిటైరైన రోజున ఆఫీసులో శాలువా కప్పారు, కేకు కోయించారు. కొత్తగా చేరిన పిల్లలు చుట్టూ మూగి "సార్, మీ అనుభవంలోంచి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. కష్టపడండి, క్లయింటు ఫోన్ చేస్తే ఎత్తకుండా ఉండకండి, కొత్త విషయాలు నేర్చుకోండి అని ఏదో వాగాను. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే నా మీద నాకే రోత పుట్టింది. ఆ పిల్లలకు చెప్పాల్సింది అది కాదు. చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివి ఎవరైనా ఉద్యోగం మానేస్తారా అంటే మానెయ్యరు, నాకు తెలుసు. ఇంటి కిరాయిలున్నాయి, పిల్లల ఫీజులున్నాయి. నేనూ మానెయ్యలేదు కదా.

నాకు ఎప్పుడు ఏ పదవి వచ్చిందో, ఏ ఏడాది ఏ బహుమతి ఇచ్చారో రాయను. బతుకంతా ప్రకటనలు అమ్మాను. మొదట గోడల మీద, తర్వాత పేపర్లో, చివరికి ఫోన్లో. ఆ మూడింటికీ తేడా ఏమిటో నాకు అర్థమయ్యేసరికి ఒక పాప చచ్చిపోయింది.

గోడల కాలం

మాది తిరుమలాయపాలెం పక్క పల్లె. డిగ్రీ తప్పి, నాన్నకు మొహం చూపించలేక ఖమ్మం వచ్చి రహీం సాబ్ దగ్గర చేరాను. ఊరూరా గోడల మీద ప్రకటనలు రాయించే పని ఆయనది. బక్కపలచని మనిషి, నోట్లో ఎప్పుడూ పాన్. ఏ గోడ మీద ఏం రాయించినా కింద మూలన మా దుకాణం పేరు, వీధి పేరు రాయించేవాడు. ఎందుకని అడిగితే "తిట్టాలనుకున్నోడికి మన అడ్రస్ దొరకాలె గద బేటా" అనేవాడు.

ఒకసారి నేలకొండపల్లి నుంచి నలుగురు రైతులు వచ్చి నా కాలర్ పట్టుకున్నారు. మేం గోడల మీద రాయించిన మిర్చి విత్తనాలు కొన్నారట. చెట్లు ఏపుగా పెరిగాయి, కాయ మాత్రం లేదు. "మీ గోడ జూసే కొన్నం. ఇప్పుడేం జెయ్యాలె మేము? పురుగుల మందు తాగాల్నా?" అని ఒకాయన ఏడ్చాడు. రహీం సాబ్ వాళ్లకు చాయ్ తాగించి, చెప్పిందంతా విని, వాళ్లు పోగానే సున్నం డబ్బాలు, కుంచెలు బయటకు తీశాడు. ఆ వారమంతా మేం తిరిగి తిరిగి ఆ గోడలన్నిటికీ సున్నం కొట్టాం. నాకు ఒళ్లు మండిపోయింది.

"విత్తనాలోడు చెప్పిందే రాసినం గద సాబ్. మనదేం తప్పు?" అన్నాను.

"వాడు ఎవడో వాళ్లకు ఎరుకనా? వాళ్లు నమ్మింది గోడను. గోడ మీద రాసినోడివి నువ్వు. జల్దీ కొట్టు, అవతల ఇంకో ఊరున్నది" అన్నాడు.

ముసలాయన చాదస్తం అనుకున్నాను. రెండేళ్లు తిరక్కుండానే ఆయన్ను వదిలేసి ఒక దినపత్రిక జిల్లా ఆఫీసులో ప్రకటనల విభాగానికి మారాను. వెళ్తున్నానని ఆయనతో సరిగా చెప్పను కూడా చెప్పలేదు.

బతికున్నాయన ఫొటో

పేపర్లో నేను చేసిన పెద్ద తప్పు మీకు నవ్వు తెప్పిస్తుంది. ఒక పెద్దమనిషి పోతే వాళ్లవాళ్లు దశదిన కర్మకు శ్రద్ధాంజలి ప్రకటన ఇచ్చారు. ఇచ్చిన కవర్లో అన్నదమ్ములిద్దరి ఫొటోలూ ఉన్నాయి. అచ్చు ఒకేలా ఉంటారు. నేను తమ్ముడి ఫొటో వేయించాను. తెల్లారి ఆఫీసు తెరవకముందే ఆ తమ్ముడు పేపరు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

"ఇగో, నన్ను జూడు. సచ్చిన్నా నేను? పొద్దుగాల నుంచి మా ఇంటికి దండలు తెస్తున్రు. మా ఆడది సొమ్మసిల్లి పడిపోయింది!" అని వీధంతా వినపడేలా అరిచాడు.

కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. మర్నాడు అదే పేజీలో, అంతే చోటులో, సరైన ఫొటోతో క్షమాపణ వేశాం. ఆయన నెల రోజులు నన్ను బజార్లో ఎక్కడ కనపడితే అక్కడ తిట్టాడు. తర్వాత తన కూతురి పెళ్లి ప్రకటన నాకే ఇచ్చాడు. తప్పు పేపరు చూసిన ఊరే దిద్దిన పేపరూ చూసింది కాబట్టి ఆ వ్యవహారం అక్కడితో సర్దుకుంది. అప్పట్లో నేను దీన్ని అదృష్టం అనుకున్నాను.

రెండు రకాలు

తర్వాత పేపరు చదివేవాళ్లు తగ్గారు. మా సంస్థ కూడా ఫోన్లలో ప్రకటనలు నడిపే విభాగం పెట్టింది. యాభై దాటిన నన్ను హైదరాబాద్ పంపి నేర్పించారు. నేర్పినవాడు కార్తీక్, నా పెద్ద కొడుకు వయసువాడు. తర్వాత వాడే నాకు బాస్ అయ్యాడు. చెడ్డవాడని రాస్తే మీకు సులువుగా ఉంటుంది. చెడ్డవాడేం కాదు. మా ఆవిడకు ఆపరేషన్ అయినప్పుడు రెండు రోజులు దవాఖానాలో మా పక్కనే ఉన్నాడు.

ఈ పనిలో మీకు మొదటి రోజే నేర్పేది ఒకటుంది. ఏ ప్రకటననైనా రెండు రకాలుగా తయారుచేయాలి. ఒక మాట ఇందులో ఉంటుంది, అందులో ఉండదు. రెండూ ఒకేసారి వదలాలి. సగం మంది ఫోన్లకు ఒకటి వెళ్తుంది, మిగతా సగానికి రెండోది. దేన్ని చూసి ఎక్కువమంది ఫోన్ చేస్తే దాన్నే మెషిన్ ఇంకా ఎక్కువమందికి చూపిస్తూ పోతుంది. రెండోది దానంతటదే వెనకబడుతుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి కూడా ఒకే ప్రకటన రాకపోవచ్చు. నాకు ఇది భలే నచ్చింది. ఏ మాటకు జనం పడతారో మనం తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. "రెండు రకాలు వేసి చూద్దాం" అనేది నా ఊతపదం అయిపోయింది. ఇంట్లో కూర గురించి కూడా అదే అనేవాణ్ని.

చర్లలో విన్న గొంతు

ఖమ్మంలో ఒక చూర్ణాల కంపెనీ మాకు పెద్ద క్లయింటు. రక్తం పట్టడానికి, కీళ్ల నొప్పులకు ఒక పొడి అమ్మేవాళ్లు. అది చర్ల వైపు అడవి పల్లెల్లో అమ్ముడుపోవాలని యజమాని కోరిక. ఆ పల్లెల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు. పిల్లలకు కీళ్లు పట్టేసి విపరీతమైన నొప్పులు వస్తాయి. సర్కారు దవాఖానా వాళ్లు ఇచ్చే గోలీలు రోజూ మానకుండా వేసుకుంటూ ఉండాలి. ఈ సంగతి యజమానికి తెలుసు, నాకూ తెలుసు.

మొదట తెలుగులో రాసిన ప్రకటనలు వదిలాం. ఒక్క ఫోనూ రాలేదు. చూసొస్తానని నేనే బయల్దేరాను. భద్రాచలం దాటి చర్ల వెళ్లేసరికి నడుం విరిగింది. ఆ రోజు సంత. సంతలో ఒక ఆశా కార్యకర్త మైకు పట్టుకుని దోమతెరల గురించి కోయ భాషలో చెబుతోంది. బేరాలాడేవాళ్లు బేరాలు ఆపి విన్నారు. తలలు ఊపారు. కొందరు ఎదురు ప్రశ్నలు వేస్తే ఆమె నవ్వుతూ జవాబులిచ్చింది. నేను అక్కడే నిలబడిపోయాను. దొరికింది అనుకున్నాను. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. అయినా ఆ గొంతును జనం ఎంత నమ్ముతున్నారో తెలిసిపోయింది. నేను కొనాలనుకున్నది ఆ నమ్మకాన్నే. ఇందులో నాకు తెలియక జరిగింది ఏమీ లేదు.

ఆమె పేరు ముత్తమ్మ. నలభై ఏళ్లుంటాయి. చూర్ణం సంగతి చెప్పి, నాలుగు ముక్కలు మీ భాషలో రికార్డు చేసివ్వమని అడిగాను.

"దీనితోటి మా పిల్లల జబ్బు తగ్గుతదా సారూ? మా దిక్కు ఒక పిల్ల ఉన్నది, మంగి అని. నొప్పి లేస్తే రాత్రంత ఏడుస్తది. చూడలేం" అంది.

"బలం వస్తదమ్మా" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. మా వృత్తిలో ఇలాంటి మాటలకు కొదవలేదు.

ఆరోగ్య ఉపకేంద్రం వరండాలో కూర్చుని, నేను ఇచ్చిన తెలుగు కాగితం చూస్తూ తనే కోయలోకి మార్చుకుని మొత్తం చదివింది. చివరి వాక్యం చదివాక ఆగిపోయింది. ఆ వాక్యం ఏమిటంటే, ఈ చూర్ణం వాడేవాళ్లకు దవాఖానా గోలీలు అవసరం లేదని.

"ఇది నిజమేనా సారూ?"

"కంపెనీవాళ్లు చెప్పిన్రమ్మా."

"మా డాక్టరమ్మ గట్ల చెప్పలే. గోలీలు బందువెడితే పిల్లలు ఆగమైతరు. ఈ మాట తీసేయున్రి. తీసేస్తనంటేనే మిగిలింది పెట్టున్రి."

"తీసేస్తానమ్మా, నా మాట" అన్నాను. ఆమె చేతిలో కొంత పారితోషికం పెట్టాను. వద్దు వద్దంటూనే తీసుకుంది.

చేసిన పని

తీసేశాను. ఆ వాక్యం లేకుండా ఒకటి తయారుచేశాను. ఇక రెండో రకం కావాలి కదా. ఆ వాక్యం ఉన్న ఫైలు పక్కనే ఉంది. రెండు రోజులు చూద్దాం, ఎలాగూ తర్వాత ఆపేస్తాం అనుకుని అదీ వదిలాను. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. కార్తీక్‌కు ముత్తమ్మతో నా ఒప్పందం సంగతే తెలియదు.

మూడో రోజు చూస్తే ఆ వాక్యం ఉన్నదానికి ఫోన్ల మీద ఫోన్లు. లేనిదాన్ని చూసి చేసినవాళ్లు బహు కొద్దిమంది. హైదరాబాద్‌లో మీటింగు పెట్టి నా చేత దాని గురించి మాట్లాడించారు. కార్తీక్ "సార్, మీరు అడవిలో కూడా అమ్మేశారు!" అన్నాడు. అబ్బో, నా ఛాతీ ఎంత ఉబ్బిందో! ఆపాలన్న సంగతి గుర్తులేక కాదు. ఆపబుద్ధి కాలేదు.

ఇక్కడొక విచిత్రం జరిగింది. ముత్తమ్మ ఫోన్‌కు ఆ వాక్యం లేని ప్రకటనే వెళ్లింది. విని సంతోషపడి నాకు ఫోన్ చేసింది. "మాట నిలవెట్టుకున్నరు సారూ" అంది.

నేను "అయ్యో, దానికేముందమ్మా" అన్నాను. సిగ్గులేని నోరు నాది.

నాలుగు రోజులు

కొన్ని వారాలకు ఆమె మళ్లీ ఫోన్ చేసింది.

"సారూ, మంగి తల్లి గోలీలు బందువెట్టింది. ఎందుకే అంటే, నువ్వే గద ఫోన్ల చెప్పినవ్ అంటున్నది. నేను చెప్పలే అని నా ఫోన్ల వినిపిచ్చిన. వాళ్లు వాళ్ల ఫోన్ల వినిపిచ్చిన్రు. అండ్ల ఆ మాట ఉన్నది. నా గొంతే. నా ఫోన్ల ఒకటి, వాళ్ల ఫోన్ల ఒకటి ఎట్లయితది సారూ?"

ఎట్లయితదో ఆ క్షణాన చెప్పి ఉంటే సరిపోయేది. నేను మోసం చేశానమ్మా, రెండు రకాలు వదిలాను, పోయి ఆ తల్లికి చెప్పు, ఖమ్మం సారు దగా చేసిండని చెప్పు అనాలి. ఆమె పరుగెత్తుకెళ్లి చెప్పేది. అప్పటికింకా మంగి తల్లికి ఆమె మీద నమ్మకం పూర్తిగా పోలేదు.

"ఏదో పొరపాటయి ఉంటది, చూస్త" అన్నాను.

కార్తీక్‌కు ఫోన్ చేసి ఆ ప్రకటన ఆపుదాం అన్నాను. ఎందుకో చెప్పలేదు. "నెలాఖరు సార్, ఇంకో నాలుగు రోజులేగా. బాగా నడుస్తోంది, అప్పటిదాకా ఉండనివ్వండి" అన్నాడు. సరేనన్నాను. అరే, ఒక్క బటన్! నా టేబుల్ మీద, నా వేలి కింద ఉన్న బటన్. నాలుగు రోజులు నొక్కలేదు. ఐదో రోజు నొక్కి, పనయిపోయిందని ఊపిరి పీల్చుకున్నాను.

పని ఏమీ అవలేదు. మంగి వాళ్ల గూడెంలో సిగ్నల్ ఉండదు. పోలీసు క్యాంపు దగ్గర టవర్ కిందికి వచ్చినవాళ్లు ప్రకటనను ఫోన్లో దాచుకుని వెళ్లి, ఒకరి ఫోన్లోంచి ఒకరి ఫోన్లోకి ఎక్కించుకున్నారు. ఫోన్లో తమ భాష వినపడటమే వాళ్లకు గొప్ప సంబరం. నేను ఇక్కడ ఆపినది అక్కడ ఆగలేదు.

మంగి

వానాకాలం వచ్చింది. మంగికి జ్వరం, దాంతోపాటు నొప్పి. వాగు పొంగి దారి లేదు. రెండో రోజు మంచానికి కర్రలు కట్టి మోసుకుంటూ వాగు దాటించారు. చర్లలో చూసి భద్రాచలం పంపారు. ముత్తమ్మ వెంటే వెళ్లింది. తొమ్మిదేళ్ల పిల్ల. భద్రాచలంలో తెల్లవారేసరికి చచ్చిపోయింది.

నాకు ముత్తమ్మే చెప్పింది. ఏడవలేదు, తిట్టలేదు. "పిల్ల పోయింది సారూ" అని ఫోన్ పెట్టేసింది. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

చూర్ణం యజమాని దగ్గరికి వెళ్లి ఇలా జరిగిందని చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "మన పొడితో పోలేదు గద శ్రీనివాస్ గారూ. గోలీలు ఆపితే పోయింది. గోలీలు మనం ఇచ్చినమా, మనం ఆపినమా?" అన్నాడు. చెప్పు తీసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఆ వాక్యాన్ని వదిలిన చేయి నాదే కదా, ఏ మొహంతో కొట్టను? కార్తీక్‌కు చెబితే "మెయిల్స్‌లో ఏమీ రాయకండి సార్" అన్నాడు. రాయలేదు. ఏ పోలీసు స్టేషనుకూ వెళ్లలేదు. రిటైర్మెంటుకు కొన్ని నెలలే ఉంది. నాకు భయమేసింది. ఇంతకంటే గౌరవంగా చెప్పడానికి నా దగ్గర కారణం లేదు.

గూడెంలో

దినాలు అయ్యాక ఆ గూడానికి వెళ్లాను. రాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి వచ్చి స్థిరపడిన ఇరవై ఇళ్లు. పెద్దవాళ్లలో తెలుగు వచ్చినవాళ్లు దాదాపు లేరు. ముత్తమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. దారిలోనే ఆమెకు అంతా చెప్పాను. ఆమె నడుస్తూ నడుస్తూ ఆగి, నా మొహంలోకి చూసి, మళ్లీ నడిచింది.

మంగి తండ్రి, ఊరి పెద్ద, ఇంకో పదిమంది ఇప్పచెట్టు నీడన కూర్చున్నారు. నేను నిలబడి చేతులు జోడించాను. "తప్పు నాది. ఈమెది కాదు. ఆ మాట తీసేయమని ఈమె చెప్పింది. తీసేస్తానని చెప్పి నేనే పెట్టాను. ఈమెకు తెలియకుండా పెట్టాను" అన్నాను.

వాళ్లు ముత్తమ్మ వైపు చూశారు. ఆమె కోయలో చెప్పాలి. అప్పుడు తట్టింది నా బుర్రకు. నేను ఒప్పుకుంటున్నదంతా వాళ్లకు ఆమె నోట్లోంచే వినిపించాలి. తప్పు నాది కాదు, ఈ సారుది అని ఆమె గొంతే వాళ్లతో చెప్పాలి. వేరే మనిషిని, ఆ భాష తెలిసిన ఇంకెవరినైనా తీసుకురావాలన్న ఇంగితం కూడా లేకుండా పోయింది నాకు. బతుకంతా మాటలు అమ్ముకున్నవాణ్ని!

ఆమె తల వంచుకుని చెప్పింది. మంగి తండ్రి ఏదో అడిగాడు.

"ఏమన్నడు?" అని అడిగాను.

"నీ నోటితోటి రెండు మాటలు విన్నం. ఇది మూడోది. ఏది నమ్మాలె అంటున్నడు" అంది.

మంగి తల్లి ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఇప్పుడు

ఆ గూడెంలో అదే జబ్బు ఉన్న పిల్లలు ఇంకో ఇద్దరున్నారు. వాళ్ల ఇళ్లవాళ్లు ముత్తమ్మ చేతి గోలీలు తీసుకోవడం లేదు. ఆమె వెళ్తే తలుపులు వేసుకుంటున్నారు. గోలీలు గడప దగ్గర పెట్టి వస్తుంది. మళ్లీ వారం వెళ్తే అవి అక్కడే నాని ముద్దయి ఉంటాయి. పైవాళ్లకు చెప్పి వేరే మనిషిని పంపించమని అడిగింది. పంపుతామన్నారు. ఇంతవరకు ఎవరూ రాలేదు.

కొత్తగా చేరినవాళ్లకు నేను ఇవ్వగల సలహా ఏమిటని నెలల తరబడి ఆలోచించాను. నిజాయితీగా ఉండండి అనొచ్చు. నేను నిజాయితీపరుణ్ననే అనుకున్నాను, ముప్పై ఏళ్లకు పైగా. ఈ పనిలో అబద్ధం ఆడమని మిమ్మల్ని ఎవరూ అడగరు. రెండు రకాలు వేసి చూడమంటారు, అంతే. గెలిచిన అబద్ధాన్ని మెషిన్ తీసుకుపోతుంది. మీరు ఏసీ గదిలో కూర్చుని అంకెలు చూసుకుంటారు. కాలర్ పట్టుకోవడానికి మీ అడ్రస్ ఎవరికీ దొరకదు. దీనికి విరుగుడు నాకు తెలియదు. తెలిసినట్టు నటించను.

శాలువా కప్పించుకున్న మర్నాడే చర్ల వెళ్లాను. ముత్తమ్మ ఉపకేంద్రం వరండాలో ఒక్కతే కూర్చుని రిజిస్టరు రాసుకుంటోంది. ఏమన్నా చేయమంటావా అమ్మా అని అడిగాను. రిజిస్టరు మూసి పక్కన పెట్టింది.

"నా గొంతు మీ దగ్గర ఇంకా ఉన్నదా సారూ?" అంది.

"ఉన్నది."

"తీసేయున్రి. నా ముంగటనే తీసేయున్రి."

లాప్‌టాప్ తెరిచాను. ఫైళ్లు ఒక్కొక్కటే ఆమెకు చూపించి తీసేశాను. ఆమె రెప్పవేయకుండా చూసింది.

"అంత పోయినట్టేనా? ఇంక యాడ లేదు గద?"

లాప్‌టాప్‌లోవి పోయాయి. హైదరాబాద్‌లో ఉన్న కాపీలు, గూడేల్లో ఫోన్లలో దాచుకున్నవి, అక్కడి నుంచి ఎక్కడెక్కడికి పోయాయో, అవన్నీ నాకు ఆ క్షణాన గుర్తొచ్చాయి. ఆమె మొహం చూస్తే నోరు రాలేదు.

"అవ్, అంత పోయిందమ్మా" అన్నాను.

ముత్తమ్మ రెండు చేతులతో మొహం తుడుచుకుంది. పిల్ల పోయిన దగ్గర్నుంచి మొదటిసారి ఆమె మొహంలో కాస్త తేటదనం చూశాను. మళ్లీ నన్నే నమ్మింది.